కరుణశ్రీ ఇంట్లో కంపు పువ్వు

ప్రార్థన ఇంకా సగంలో ఉండగానే లిదియమ్మ కళ్లు తెరిచింది.

కొడుకు జయపాల్‌కు పిల్లను చూడడానికి ఆత్మకూరు నుంచి ఉదయగిరి వచ్చిందామె. పిల్ల తండ్రి డేవిడ్‌రాజు హెడ్మాస్టరు. భార్య పోయి చాలా ఏళ్లయింది. పిల్ల కరుణశ్రీ ఆస్పత్రిలో నర్సు, ఊళ్లో మంచి పేరుంది. కొండ కింద రాతి గోడల ఇల్లు, మార్చి నెలలో కూడా చల్లగా ఉంది. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆ ఇంట్లో ఎక్కడో ఏదో చచ్చి పడి ఉంది.

లిదియమ్మ పైట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ప్రార్థన చేస్తున్న డేవిడ్‌రాజుకూ కంపు కొడుతూనే ఉంది. మామూలుగా అబ్రహాము దగ్గర మొదలుపెట్టి తీరిగ్గా వచ్చే మనిషి, ఆ రోజు రెండు ముక్కల్లో ఆమెన్ అనేసి బెంచీ కిందికి వంగి చూశాడు.

"ఎలక చచ్చినట్టుండాది. పొద్దున్నే అంతా కడిగించినాను. యాడ దూరిందో ఏమో," అన్నాడు సిగ్గుపడుతూ. ఫ్యాను వేశాడు. దాంతో కంపు గది నాలుగు మూలలకూ పాకింది.

లిదియమ్మ మిక్చరు ప్లేటు దూరంగా జరిపింది. ఆమె పక్కన జయపాల్ మాత్రం మలైకాజా ఒకటి తిని రెండోది అందుకున్నాడు. నిదానంగా టీ తాగాడు. ఎదురుగా తల వంచుకుని కూర్చున్న కరుణశ్రీ కనురెప్పల కింద నుంచి అతన్నే చూస్తోంది. మొహం చిట్లించకుండా ఆ గదిలో కూర్చున్నవాడు అతనొక్కడే.

ఆ కంపు ఎక్కడిదో ఆమెకు తెలుసు. చెప్పడానికే నోరు రాలేదు.

"చెయ్యి కడుక్కుంటాను," అని జయపాల్ లేచి పెరటి వైపు నడిచాడు. నడవలో ఒక గది తలుపుకు తడి గోనెపట్టా వేలాడుతోంది. ఏమిటా అని పట్టా ఎత్తి చూసి, అక్కడే నిలబడిపోయాడు.

లోపల ట్యూబులైటు వెలుతురు. ఇసుక పోసి నీళ్లు నింపిన పళ్లేల మీద చిల్లుల కుండీలు. కుండీల్లో మట్టి లేదు, బొగ్గులు, కొబ్బరి పీచు. గోడకు కట్టిన చెక్క ముక్కలను పట్టుకుని వేళ్లు గాల్లోకి వేలాడుతున్నాయి. తలుపు దగ్గరి చెక్క మీద మాత్రం ఒక పువ్వుంది. చిటికెన వేలంత పువ్వు, ఎండిన నెత్తురు రంగు. మధ్యలో నూగున్న చిన్న నాలుక, దానంతట అదే ఊగుతోంది.

తువ్వాలు పట్టుకుని వచ్చిన కరుణశ్రీ గుమ్మంలో ఆగింది.

"ఏందండీ ఇవి?" అన్నాడు.

"ఆర్కిడ్లు."

"ఇంట్లోనా?"

"బయట పెడితే మన ఎండకు ఒక్క పూట ఉండవు. మిజోరాం మొక్కలివి. వెల్లూరులో నాతో చదివిన రూమ్మేటు పాచిలో చుట్టి పంపిస్తాది. ఇది ఇన్నేళ్లు ఒట్టి ఆకులే. ఇయ్యాళ తెల్లారి పూసింది."

"మేం వచ్చే రోజే పూసిందా?"

"దానికేం తెలుసు మీరొస్తారని."

అతను వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా పువ్వును చూశాడు. ఊపిరి తగిలి నాలుక ఇంకా గట్టిగా ఊగింది. అతని మొహంలో సంతోషం చూసి కరుణశ్రీకి అనుమానం తీరిపోయింది.

"వాసన ఎట్టుండాది?" అని అడిగింది.

"బాగుండాదండీ."

"అది చచ్చిన ఎలక వాసన. మీ అమ్మ కొంగు అడ్డం పెట్టుకునింది దీనికే."

అతను నిటారుగా నిలబడ్డాడు.

"మీకు వాసన తెలీదు," అంది ఆమె మెల్లగా. "తలకు దెబ్బ తగిలిందా?"

"స్కూటరు మీద నుంచి పడినాను. పెళ్లయినాక చెప్దాంలే అనింది అమ్మ." పువ్వు వైపు తిరిగి అన్నాడు: "మరి మీరెందుకు చెప్పలేదు, అది పువ్వు వాసనని?"

"చెప్తే నాయన తీసి బయట పడేస్తాడు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ నవ్వు విని డేవిడ్‌రాజు సంతోషంగా నడవలోకి వచ్చాడు. కానీ ఆ తర్వాత వాసన గురించి వాళ్లనుకున్న మాటలు కూడా ఆయన చెవిన పడ్డాయి.

తర్వాత జరిగింది గొడవే. వాసన తెలీదనే సంగతి దాచిపెట్టి నా బిడ్డకు అంటగడదామనుకున్నారా అని ఆయన. ఇంట్లో పీనుగు కంపు పెట్టుకుని మాకు వంకలు పెడతారా అని లిదియమ్మ. జయపాల్ "అమ్మా, పోదాం పద," అని నాలుగైదు సార్లు అన్నాడు. వీధి గుమ్మం దాటేటప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగాడు. కరుణశ్రీ చేతిలో తువ్వాలు అట్లాగే ఉంది.

అంతకు ముందు వచ్చిన సంబంధాలు కూడా ఏదో ఒక సాకుతో పోయినవే. ఈసారి డేవిడ్‌రాజు కూతుర్ని ఏమీ అనలేదు. అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేసి లేచిపోయాడు. ఆమెకు అది తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

పువ్వు నాలుగు రోజులుండి వాడిపోయింది.

ఆ పై శనివారం ఆమె డ్యూటీ దిగి వచ్చేసరికి అరుగు మీద రెండు పెద్ద ప్లాస్టిక్ క్యాన్లు, వాటి పక్కన చొక్కా తడిసిన జయపాల్.

"సోమశిల డ్యాం నీళ్లు," అన్నాడు. "నేను ఆడ కాలవల ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టరును. మీ పెరట్లో డ్రమ్ములు చూసినాను. వాన నీళ్లు పట్టిపెట్టుకున్నారు గదా, అడుగంటినాయి."

"మీకెట్టా తెలుసు అవి మొక్కలకని?"

"ఉదయగిరి నీళ్లతో టీ పెడితేనే పైన తెట్టు కడతాది. అట్టాటివి ఆ మొక్కలు తాగుతాయా?"

ఆ ఊరి బోరు నీళ్లు పోస్తే ఆర్కిడ్ల ఆకుల కొనలు నల్లబడి, వేళ్లు కాలిపోతాయి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లు కూడా లేరు.

"బస్సులో తెచ్చినారా ఇంత బరువు?"

"కండక్టరు పెంచలనరసయ్య ఎక్కించినాడు. నర్సమ్మ మొక్కలకా సారూ అని అడిగినాడు. ఔనన్నాను. ఇంక దారంతా నన్ను చూసి నవ్వతానే ఉన్నాడు."

ఆ శనివారం నుంచి ప్రతి శనివారం వచ్చేవాడు. డేవిడ్‌రాజు మొదట పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. రెండు మూడు వారాలకు పేపరు దించి, "కాలవకు నీళ్లెప్పుడు వదుల్తారు?" అని అడిగాడు. ఆ తర్వాత క్యాను లోపలికి మోయడానికి ఒక చెయ్యి కూడా వేశాడు. ఎండ ముదురుతుండగా ఆ చీకటి గదిలో ఇద్దరూ గోనెపట్టాలు తడిపేవాళ్లు, ఆకులు తుడిచేవాళ్లు.

"ఇది ఎప్పుడు పూస్తాది?" అని అతను ఒక మొక్కను అడిగేవాడు. మనిషిని అడిగినట్టే.

"అడగబాకండి. నేను అడగడం మానేసి చాలా రోజులైంది."

"పూయని మొక్కకు ఇంత చాకిరీ ఎందుకు?"

"పూస్తాదని కాదు. మా అమ్మ పోయినాక ఈ ఇంట్లో పొద్దున్నే లేచి చూసుకోవాల్సింది ఏందీ లేకుండా పోయింది. అందుకు."

చెప్పు ఆకారంలో పువ్వు పూసే మొక్క ఒకటుంది. అతను దాని ఆకు మీద దుమ్ము చాలాసేపు తుడిచాడు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. చినుకు పడగానే ఇద్దరూ బకెట్లు, గిన్నెలు, చివరికి పప్పు కుండ కూడా పట్టుకుని పెరట్లోకి పరిగెత్తారు. పెంకుల అంచు నుంచి కారే ధార కింద అతను డ్రమ్ము జరుపుతుంటే ఆమె నవ్వుతూ కేకలు వేసింది. ఆమె జడ తడిసి వీపుకు అతుక్కుంది. అతను చూసి చూపు తిప్పుకున్నాడు. మళ్లీ చూశాడు.

"మట్టి వాసన ఎట్టొస్తా ఉందో తెలుసా," అంది ఆమె గట్టిగా గాలి పీల్చి. "కొత్త కుండలో నీళ్లు పోస్తే వస్తాదే, అట్టా. కొంచెం ఎక్కువ. కొంచెం..."

"చెప్పొద్దండీ."

ఆమె ఆగిపోయింది.

"అందరూ చెప్తారు. అన్నం ఇట్టా ఉంది, పువ్వు అట్టా ఉందని. నా మీద జాలి పడి చెప్తారు. నాకు కావాల్సింది ఆ వాసనలు కాదు." అతను డ్రమ్ము వదిలి వసారాలోకి వచ్చాడు. "ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయినాను. పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు పోతానే ఉంది. నేను పక్క గదిలో పేపరు చదువుకుంటా కూర్చున్నాను. నాకు తెలీలా. అమ్మ చర్చి నుంచి వచ్చి అగ్గిపుల్ల గీసింది."

అతను తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. మీరు చూళ్లేదు, ఎప్పుడూ కొంగు కప్పుకుంటాది. నేను కూడా చూడను. చూడలేను."

కరుణశ్రీ చేతిలో గిన్నె కింద పెట్టింది. ఎప్పటి నుంచో అనాలనుకుంటున్న మాట ఆ క్షణంలో దానంతట అదే వచ్చింది.

"నాకు ముక్కు ఉండాది గదా. ఇంటికి ఒకటి చాలదా?"

అతనికి అర్థమైంది. ఒక్క క్షణం మొహం వెలిగింది. వెంటనే ఆరిపోయింది.

"మీరు నైటు డ్యూటీకి పోతే? ఇంట్లో చిన్నబిడ్డ ఉంటే?"

ఆమె తడిసిన జడను ముందుకు తీసుకుని పిండింది.

"అమ్మ బాధపడతాదని పెళ్లిచూపులకు వస్తాను. ఏదో ఒకటి అడ్డం పడతాదిలే అని వస్తాను. మీ ఇంట్లో ఆ పువ్వు అడ్డం పడింది. అంతటితో ఆగిపోవాల్సింది నేను," అన్నాడు. "మీరు బాగుండాల."

వానలోనే వెళ్లిపోయాడు. తర్వాతి శనివారం రాలేదు. ఆ పై శనివారం కూడా.

మే నెలలో ఎండలు మండిపోయాయి. పట్టిన వాన నీళ్లు ఎక్కువ రోజులకు సరిపోలేదు. కరెంటు పోతే గదిలో ఫ్యాను ఆగిపోయేది, తడిపిన గోనెపట్టా గంట తిరక్కుండానే పెళుసు బారేది. గత్యంతరం లేక కరుణశ్రీ బోరు నీళ్లు కాచి, వడపోసి పోసింది. లాభం లేకపోయింది. ముందు చెప్పు పువ్వు మొక్క మొదలు కుళ్లింది. తర్వాత గోడ మీదివి ఒకటొకటిగా పసుపు పచ్చబడ్డాయి. ఎలక వాసన పువ్వు పూసిన మొక్క అన్నిటికంటే చివర పోయింది.

ఆమె వాటన్నిటినీ తట్టలో వేసి పెంటదిబ్బ మీద పారబోసి వచ్చింది. ఖాళీ గదిలో ట్యూబులైటు ఆర్పి, గుమ్మంలో కూలబడింది.

"వాళ్ల కొండల్లో చక్కగా ఉన్నవాటిని తెచ్చి చంపినాను నాయనా," అంది.

డేవిడ్‌రాజు ఆమె పక్కన నేల మీదే కూర్చున్నాడు. "ఆ పిల్లోడి కోసం కబురు చెయ్యమంటావా?" అన్నాడు.

"వద్దు. కాదని చెప్పి పోయినాడు. కాళ్లు పట్టుకుంటామా?"

"మరి?"

"వింజమూరు నుంచి ఎవరో అడిగినారన్నావు గదా, భార్య పోయినాయన. రమ్మను. ఎవరైనా ఒకటే."

ఆ మాట విని ఆ తండ్రికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. వింజమూరుకు కబురు పంపాడు. జూన్‌లో నాలుగో ఆదివారం వస్తామని వాళ్ల దగ్గర నుంచి జవాబు వచ్చింది. కరుణశ్రీ మామూలుగా డ్యూటీకి పోయి వచ్చేది. ఆస్పత్రిలో పేషెంట్లు, "ఏం సిస్టరూ, ఒంట్లో బాగలేదా?" అని అడిగేవాళ్లు. ఎండకులే అనేది.

ఆ ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుందనగా లిదియమ్మ వచ్చింది. ఒక్కతే, మధ్యాహ్నం బస్సుకు. డేవిడ్‌రాజు బళ్లో ఉన్నాడు.

"కూర్చోండి ఆంటీ," అంది కరుణశ్రీ పొడిగా. మంచినీళ్లు ఇచ్చింది. లిదియమ్మ గ్లాసు ఎడమ చేత్తో అందుకుంది. తాగలేదు.

"వింజమూరు సంబంధం కుదిరిందంట. చర్చిలో అనుకుంటా ఉన్నారు."

"ఇంకా కుదరలా. వస్తారు."

"మావాడు మాట్లాడటం మానేసినాడమ్మా. పెట్టింది తింటాడు. అంతే. శనివారం వస్తే క్యాన్లు కడిగి, బోర్లించి, మళ్లీ ఆడనే పెడతాడు." ఆమె గ్లాసు కింద పెట్టింది. "నీకొకటి చెప్పి పోదామని వచ్చినాను. నువ్వు వాడికి చెప్పు. నాకు చెప్పే ధైర్యం లేదు."

ఆమె మొదటిసారి కొంగు తొలగించింది. మోచేతి నుంచి వేళ్ల దాకా చర్మం ముడతలు పడి, గులాబి రంగులో మెరుస్తోంది. నర్సుగా కరుణశ్రీ ఇంతకంటే ఘోరమైన కాలిన గాయాలు చూసింది. అయినా ఆమె కళ్లు తిప్పుకోలేకపోయింది.

"ఆ పొద్దు నాకు వాసన వచ్చింది," అంది లిదియమ్మ.

"ఏ వాసన?"

"గ్యాసు వాసన. గడపలోనే వచ్చింది. గట్టిగా వచ్చింది. వీడు ఏదో వదిలేసి ఉంటాడులే అని పొయ్యి కట్టేసినాను. కిటికీ తెరిచి కాసేపు ఆగాల. తెలుసు నాకు. ఎండన పడి వచ్చి తలనొప్పి, టీ నీళ్లు పెట్టుకుందామని ఆత్రం. ఏం కాదులే అని పుల్ల గీసినాను."

కరుణశ్రీ ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఆస్పత్రిలో నాకు తెలివొచ్చేసరికి వీడు నా కాళ్ల దగ్గర ఏడస్తా ఉన్నాడు, నా వల్లే అమ్మా, నా వల్లే అని. చెప్దామనుకున్నాను. అప్పుడే వాడికి మద్రాసులో మంచి ఉద్యోగం వచ్చుండాది. వాళ్ల నాయన లేడు. వాడు పోతే నేనొక్కదాన్నే. నా చెయ్యి చూసి వాడు మద్రాసు పోలేదు. ఇంక చెప్పలేకపోయినాను. ఒకరోజు పోనిచ్చినాను, ఒక నెల పోనిచ్చినాను, ఇన్నేళ్లు పోనిచ్చినాను." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "వాడు నా దగ్గరే ఉండాడు. కానీ నా బిడ్డ ఆ ఇంట్లో లేడమ్మా."

కరుణశ్రీకి కోపం వచ్చింది. ఆ ఏప్రిల్ సాయంత్రం, అతని మొహం వెలిగి ఆరిపోవడం, ఖాళీ అయిన గది, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఈమెను ఇప్పుడే లేచి పొమ్మందామనుకుంది. ఒళ్లో పెట్టుకున్న ఆ కాలిన చెయ్యి చూసి, ఆ మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది.

"నేను చెప్పను," అంది చివరికి. "ఈ మాట మీ నోటితోనే ఆయనకు చెప్పాల."

"నా వల్ల కాదు."

"నేను పక్కన ఉంటాను. పదండి అత్తా, రెండున్నర బస్సుండాది."

లిదియమ్మ తలెత్తి చూసింది. తను ఏమని పిలిచిందో కరుణశ్రీకి కూడా అప్పుడే తెలిసింది. సరిదిద్దుకోలేదు. తాళం వేసి, దారిలో బడి దగ్గర ఆగి తండ్రితో, "ఆత్మకూరు పోయొస్తాను నాయనా," అంది. ఆయన ఆమెనూ, వెనక నిలబడ్డ లిదియమ్మనూ చూసి, ఏమీ అడగకుండా తలూపాడు.

బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు.

సాయంత్రం జయపాల్ ఆఫీసు నుంచి వచ్చేసరికి వాళ్లిద్దరూ ఇంట్లో ఉన్నారు. అతను కరుణశ్రీని చూసి గుమ్మంలోనే ఆగాడు. లిదియమ్మ లేచి, కూర్చుని, మళ్లీ లేచి, ఎట్లాగో ఒకట్లా చెప్పేసింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. కరుణశ్రీ ఒక్క మాట కూడా అందించలేదు.

"నీకు వాసన వచ్చిందా?" అన్నాడతను అంతా విని.

"వచ్చింది."

"గట్టిగానా?"

"గట్టిగానే అబ్బయ్యా."

అతను తల్లిని చాలాసేపు చూశాడు. చెప్పులు వేసుకుని బయటికి వెళ్లి, వాకిలి మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి కరుణశ్రీ వచ్చి అతనికి కొంచెం ఎడంగా కూర్చుంది.

"మొక్కలెట్టున్నాయి?" అన్నాడు వీధి వైపు చూస్తూనే.

"అన్నీ పోయినాయి."

"నేను నీళ్లు తేలేదు."

"ఔను. నువ్వు తేలేదు." ఆమె ఎప్పుడూ అతన్ని నువ్వు అనలేదు. "నేను వాటిని చూసుకోలేకపోయినాను. నువ్వు నన్ను చూసుకోలేనని పోయినావు. ఇద్దరం సరిపోయినాం."

అతను మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆమె ఓదార్చలేదు. కాస్త దగ్గరగా జరిగింది.

"పుల్ల అమ్మ గీసినా, గ్యాసు వదిలింది నేనే గదా," అన్నాడు. "ఆ భయం యాడికీ పోదు కరుణా."

"పోదు. నాకు కూడా జలుబు చేస్తాది. నేను కూడా మర్చిపోతాను. నా చేతుల్లో మొక్కలే బతకలేదు."

"మరి?"

"వంటింటికి పెద్ద కిటికీలు పెట్టించుకుందాం."

అతను తల తిప్పి ఆమెను చూశాడు. ఆమె కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. పెట్టించుకుందాం అన్న మాట అతనికి అందేదాకా ఆమె ఎదురుచూసింది.

"వింజమూరు వాళ్లకు ఏమని చెప్తావు?"

"నేను మీ అమ్మతో బస్సెక్కినప్పుడే నాయనకు అర్థమైంది. ఆయన చెప్పుకుంటాడు."

లోపల లిదియమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తున్న చప్పుడు వినిపించింది. జయపాల్ విన్నాడు. కదల్లేదు. ఆ కోపం ఒక్క పూటలో పోయేది కాదని ఇద్దరికీ తెలుసు. చాలాసేపటికి అతను లేచి లోపలికి వెళ్లాడు. తెరిచిన తలుపులో నుంచి కరుణశ్రీకి కనిపించింది. అతను తల్లి ముందు నేల మీద కూర్చుని, ఆ కాలిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. దాన్ని చూస్తున్నాడు.

ఉదయగిరికి ఆఖరి బస్సు వీధి చివర హారను కొట్టింది. కరుణశ్రీ మెట్ల మీద నుంచి లేవలేదు.